తొమ్మిది తుపాకులూ దాటాయి

నైజాం ఫౌజు మమ్మల్ని కోదాడలో దించింది 1948 సెప్టెంబరులో, వానలో. అంతా బంకమన్ను. అడుగేస్తే బూటు అక్కడే ఉంటుంది, కాలొక్కటే వస్తుంది. పద్దెనిమిది మందిమి, తొమ్మిది తుపాకులు. ఇద్దరికొకటి. అందుకని మా జమాదారు హాజరుకు మనుషుల్ని చూసేవాడు కాదు. తుపాకులు లెక్కపెట్టి, రెండింతలు చేసి రాసుకునేవాడు. మనిషి తప్పిపోతే చీటీ రాస్తే సరి. తుపాకి పోతే ఆయన నౌకరీ పోతుంది.

బెజవాడ వైపు నుంచి ఇండియా ఫౌజు ట్యాంకులొచ్చిన పొద్దున, నేనొక్కణ్ణే ఒకదాన్ని అరగంట ఆపానని మీలో చాలామందికి చెప్పాను. గంట అని కూడా చెప్పి ఉంటాను. ఆపలేదు. మూడు గుళ్లు కాల్చాను. అది ఇటు తిరగనైనా లేదు. మేమే లారీ ఎక్కి పారిపోయాం.

లారీ సూర్యాపేటలో చెడింది. అక్కడి నుంచి మూసీ వంతెన దాకా నడక. మావాళ్లు దాటగానే వంతెన పేల్చెయ్యాలని హుకుం. నా తుపాకిలో సగం వాటాదారు మా మిర్యాలగూడ మనిషే, నాకంటే పెద్ద. గుండు ముక్క పిక్కలో దిగి కుంటుతున్నాడు.

"తుపాకి నువ్వు పట్కపో తమ్మీ. నేను మెల్లగ వస్త."

"ఎత్తుకుంట, రా అన్నా."

"నువ్వా? నీ బూట్లే నువ్వు ఎత్తలేకపోతున్నవ్. పో. నేనొచ్చేదాంక జర పేల్చనియ్యకు."

"గట్లనే" అన్నాను.

వంతెన దాటాక జమాదారు తుపాకులు లెక్కపెట్టాడు. తొమ్మిది.

"అందరొచ్చిన్రా?"

వెనక రోడ్డు మీద ఇంజన్ల మోత.

"తొమ్మిదున్నయి గద సాబ్" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే ఇన్నేళ్లు దాచగలిగాను.

ఫౌజు లొంగిపోయినప్పుడు ఆ తొమ్మిదీ కుప్పలో పడేశాం. నడిచి మిర్యాలగూడ చేరాను. అన్న వాళ్లమ్మ ఎదురొచ్చి, "నావోడేడి బిడ్డా?" అంది. వేరే లారీ ఎక్కాడన్నాను. ఆమె ఇంకో మాట అడగకుండా ట్యాంకు కథ మొదలుపెట్టాను. అతను రాలేదు.

ఆ రోజు మూసీ మీద వంతెన లేచి పడ్డాక పొగ విడిపోయింది. అవతల, తెగిన కొసన నిలబడి ఉన్నాడు. మావైపు కేకెయ్యలేదు. ఖాకీ చొక్కా విప్పి నీళ్లలో పారేశాడు. లోపలి బనియను విప్పి, ఇంజన్ల వైపు తిరిగి, తెల్లజెండాలాగా రెండు చేతులతో పైకెత్తి పట్టాడు. కోదాడ బురదలో నాని అదీ ఖాకీ రంగే అయింది.