ఆషాఢం గాలి, మా వదిన రిపోర్టు

మొన్న ఆదివారం వంకాయలు తరుగుతూ కూర్చుంటే ఫోన్ మోగింది. మా వదిన కూతురు మాలూరు వైపు ఒక కంపెనీలో కొత్తగా చేరింది. అక్కడ సరుకు మోసే బండి ఒకటి గోడను గుద్దిందట, దాని గురించి పైవాళ్లకు రిపోర్టు రాయమన్నారట. రాసి, ఫోటో తీసి నాకు పంపింది. "అత్తా, రవ్వంత చూసి పెట్టు. అమ్మకు మాత్రం చూపించద్దు, ఒక్క వాక్యం మిగల్చదు" అని కింద ఒక ముక్క. కళ్లజోడు పెట్టుకుని చదివాను. 'గోడకు నష్టం వాటిల్లినది' అని ఉంది. బండి లేదు, నడిపినవాడు లేడు, గోడ తనంతట తానే వచ్చి నష్టపోయినట్టుంది. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇంకోసారి చదివాను, ఈసారి నవ్వు రాలేదు. మా కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా లీకైన ఆషాఢమూ, అప్పుడు మా వదిన రాసిన రిపోర్టూ గుర్తొచ్చాయి.

వదిన అంటే మా ఆయన అక్క. కేజీఎఫ్‌లో గనివాళ్ల లైన్ ఇళ్లలో పుట్టి పెరిగిన మనిషి. మా మామగారు గని నోటి దగ్గర గంట కొట్టే పనిలో ఉండేవారు. మనుషులను దించాలా, ఎత్తాలా, ఆపాలా అన్నది కింద ఉన్నవాళ్లకు, పైన యంత్రం తిప్పేవాళ్లకు గంటే చెప్పాలి. ఒక గంటకు రెండు అర్థాలుంటే మనిషి మిగలడని ఆయన అన్నం తింటూ కూడా చెప్పేవారట. ఆ ఊరి ఆడవాళ్లకు గాలి సంగతి కూడా పుట్టుకతోనే తెలుస్తుంది. బంగారం తీసినాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల వైపు నుంచి గాలి తిరిగిందంటే ఆరేసిన బట్టలన్నీ బూడిదరంగు దుమ్ము. మా అత్తగారు ఉతికిన దుప్పటి పట్టుకుని గుమ్మంలో నిలబడి, ముఖానికి గాలి ఎటు తగులుతోందో చూసుకుని గానీ తాడు దగ్గరికి పోయేది కాదు.

మేమిద్దరం కోలారు, బంగారుపేట మధ్య రోడ్డులో ఉండే ఆ కోల్డ్ స్టోరేజీకి ఒకే బస్సులో పోయేవాళ్లం. టమాటా, మామిడి, కూరగాయలు ఏరి, చల్లటి గదుల్లో పెట్టే చోటు అది. వదిన ఆఫీసు చూసుకునేది. భద్రత పని ఎవరూ నెత్తికెత్తుకోకపోతే అదీ ఆమె మీదే పడింది. నేను కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. మాట్లాడేది తెలుగు, కాగితం మీద పెట్టేది కన్నడ, కంప్యూటర్‌కు తెలిసింది ఇంగ్లీషు. మూడింటి మధ్య నా వేళ్లు నలిగేవి. వదినకు మాత్రం తొందర ఉండేది కాదు. ఏది రాయాలన్నా ముందు ఒక చిత్తుకాగితం తీసుకునేది. ఇది ఎవరు చదువుతారు, చదివి ఏం చెయ్యాలి, చదివినాక ఏం అడుగుతారు అని రాసుకునేది. తర్వాత సంగతంతా వాళ్లమ్మకు చెబుతున్నట్టు తెలుగులో పైకి చెప్పుకునేది. అప్పుడుగానీ కన్నడలోకి దిగేది కాదు. అదైనాక గట్టిగా చదివి, నాలుక తడబడిన చోటల్లా కొట్టేసేది. మా చెల్లెలి పెళ్లికి సెలవడుగుతూ నేను రాసిన నాలుగు ముక్కల అర్జీని కూడా ఆమె అట్లాగే దిద్దింది. చివరికి దానిలో పెళ్లి, తేదీ, నా పేరు మాత్రమే మిగిలాయి. సెలవు మాత్రం వెంటనే దొరికింది.

లీకైన ఆ రోజు మధ్యాహ్నం గాలి రేకులను లేపేస్తోంది. మాకు ఆషాఢమంటేనే గాలి. ఏరుడు షెడ్డులో ఆడవాళ్లు టమాటాలు వేరుచేస్తూ ఉంటే ముందు వాసన వచ్చింది, ఆ వెంటనే కళ్లు మండాయి. యంత్రాల గదిలో, గదులను చల్లబరిచే అమ్మోనియా పైపు జాయింటు ఒకటి వదిలేసింది. సైరన్ మోగింది. ఆఫీసు కిటికీలోంచి చూస్తే తెల్లటి పొగమంచులాంటిది నేలను పట్టుకుని ముందు గేటు వైపు జారుతోంది. వదిన తన కొంగు, నా కొంగు బిందెలో ముంచి ముక్కుకు కట్టి నన్ను పక్క తలుపులోంచి ఈడ్చుకుపోయింది. షెడ్డులోని ఆడవాళ్లు అరుచుకుంటూ వెనక్కి పరిగెత్తి, కూలిన గోడ ఎక్కి అవతలి మల్బరీ తోటలో పడ్డారు. గౌనిపల్లి అక్క ఒక్కతే ముందు గేటు వైపు పోయింది. పుట్టిల్లు గౌనిపల్లి కావడంతో ఆమెను అందరం అట్లా పిలిచేవాళ్లం. ఫైరింజన్ వాళ్లు నీళ్లు కొట్టుకుంటూ వెళ్లి గేటు పక్కన పడిపోయిన ఆమెను మోసుకొచ్చారు. ముఖం ఉబ్బిపోయి ఉంది. ఊపిరి తీస్తుంటే రంపం కోసినట్టు చప్పుడు.

సాయంత్రానికి ప్రాణానికి భయం లేదని కోలారు నుంచి కబురొచ్చింది. అప్పుడు యజమాని మమ్మల్ని గదిలోకి పిలిచాడు. మేమంతా ధణి అనేవాళ్లం ఆయన్ని. కోలారు బజారులో తాతల నాటి ధాన్యం వ్యాపారం వాళ్లది. చెడ్డవాడనలేను, కానీ ఆ రోజు బాగా భయపడి ఉన్నాడు. మర్నాడు సాయంత్రంలోగా ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు రిపోర్టు పోవాలి. ఆయనే కన్నడలో చెప్పుకుపోయాడు, నేను టైపు చేశాను. కార్మికులకు ముందే 'సూచిసలాగిత్తు', అంటే సూచన ఇవ్వబడింది అని. సదరు కార్మికురాలు నిర్లక్ష్యంతో తప్పు దిశలో పరిగెత్తింది అని. "మిగతావాళ్లంతా తప్పించుకున్నారు కదమ్మా, ఆయమ్మ ఒక్కతే కదా గేటుకాడికి పోయింది" అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. వదిన కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. పొద్దున్నే దిద్ది ఇస్తానంది. 

పొద్దున ఫ్యాక్టరీ మూసి ఉంది. ఘాటు ఇంకా గొంతులో తగులుతూనే ఉంది. వదిన ఆ చిత్తును పైకి చదువుతూ 'తప్పు దిశలో' అన్న చోట ఆగింది. ఏ దిశ అని చదివేవాడు అడుగుతాడు, చూసి రాద్దాం పద అంది. ఇద్దరం ఏరుడు షెడ్డు తలుపు దగ్గరికి పోయాం. తలుపు పక్కన ఆకుపచ్చ బోర్డు ఉంది. ప్రమాద సమయంలో అందరూ ముందు గేటు వద్ద చేరవలెను అని చక్కటి కన్నడ అక్షరాలు, కింద గేటు వైపు లావుపాటి బాణం. వదిన ఆ బాణం కింద నిలబడింది. ఆమె కొంగు లేచి, ఆ బాణం చూపించిన వైపుకే జెండాలా ఎగురుతోంది. వెనక్కి తిరిగి యంత్రాల గది చూసింది, మళ్లీ గేటు చూసింది.

"ఈ బోర్డు రాసింది నేనే" అంది.

అక్కడే ఉన్న ఖాళీ టమాటా పెట్టె మీద కూర్చుంది. ఫ్యాక్టరీ కొత్తల్లో, గేటు దగ్గర ఖాళీ స్థలం ఎక్కువని, ఆఫీసులో కుర్చీలో కూర్చుని రాసిందట. అప్పుడు మార్గశిరం, ఆకు కదిలేది కాదట.  మా ఇద్దరి జీతాలూ అక్కడివే. బోర్డు సంగతి ఎవరూ అడగరులే వదినా అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. చెప్పినమాట వినకుండా గోడ దూకినవాళ్లు బతికిపోయినారు, చదివి నడిచినదానికి ఊపిరాడకుండా పోయింది, దీన్ని ఏ మాటతో కప్పమంటావు అని మెల్లగా అడిగింది. 

'నిర్లక్ష్యం' అన్న మాట కొట్టేసి, బోర్డులోని బాణం ప్రకారమే నడిచానని కార్మికురాలు చెబుతోంది అని చిత్తు రాసి, ఆమె అవునంటేనే ఉంచుదామని ఆ కాగితం తీసుకుని ఆసుపత్రికి పోయాం. మనిషి గురించి రాసింది ఆ మనిషికి వినిపించకుండా పంపకూడదని వదిన పట్టు. గౌనిపల్లి అక్క మంచం మీద కూర్చుని ఉంది. కళ్లకు తడిగుడ్డ, ముక్కుకు గొట్టం. వదిన మంచం పట్టీ మీద కూర్చుని చదివింది. అంతా విని ఆమె చెయ్యి చాపి వదిన మోకాలు తడుముకుంది.

"ఆ బాణం మాట తీసెయ్యమ్మా" అంది. మాటకొక ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "తప్పు నాదని ఒప్పుకుంటే పని ఉంచుతానని ధణి మా ఇంటాయనతో అన్నాడంట. నాదే అని రాసెయ్. ఇంగ నేను యాడికి పోయేది?"

వదిన ఆమె వైపు వంగింది. "నువ్వు బాణం చూసే పోయినావా?"

"చూసే పోయినాను. బోర్డు ఉండేది దానికే కదా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే వదిన తట్టుకునేదేమో. ఆమె కాగితం మడిచి లేచింది. సాయంత్రానికి ఎక్కువ పొద్దు లేదు. ఈమె మాట ఉంచితే ఈమె పని పోతుంది. తీసేస్తే ధణి అబద్ధమే నిలుస్తుంది. బయట బస్‌స్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చుని వదిన ఆ చిత్తు చింపేసింది. కండక్టర్లు ఊళ్ల పేర్లు కేకలేస్తున్నారు. పక్కన ఎవరో జామకాయలు కొరుకుతూ మా వైపే చూస్తున్నారు. వదిన పెదవులు కదుపుతూ తెలుగులో చెప్పుకుంటోంది, ఆగుతోంది, మళ్లీ మొదలుపెడుతోంది. నేను బస్సులు చూస్తూ, ఉద్యోగం పోతే కేజీఎఫ్‌లో ఇంకెక్కడ టైపు పని దొరుకుతుందా అని ఆలోచిస్తున్నాను. చివరికి ఆమె కలం ఆగింది. గౌనిపల్లి అక్క నోట ఒక్క మాట కూడా పెట్టలేదు. ఇట్లా ఉంది: 'ఆ నోటీసు నేను రాశాను. ఆషాఢంలో గాలి యంత్రాల గది నుంచి గేటు వైపు వీస్తుంది. నేను అది చూసుకోకుండా బాణం గేటు వైపు పెట్టాను. ఆమె నోటీసులో ఉన్నట్టే చేసింది.' దాని కింద ఇక చెయ్యాల్సిన పనులు: వెనక గోడకు గేటు, గాలి ఎటుందో చూపించడానికి పైన గుడ్డసంచి, కొత్త బోర్డు. ఏ పని ఎవరిదో కూడా రాసింది.

కన్నడలో టైపు చేసి ఇస్తే ధణి నిలబడే చదివాడు. సగంలో కూర్చున్నాడు. 

"ఇది పంపితే తాళం పడతాది" అన్నాడు. "నీ సంగతి నేను చెప్పాల్సింది లేదు."

"తెలుసు ధణీ. అబద్ధం యాడుండాదో చూపించండి, కొట్టేస్తాను. లేదంటే సంతకం పెట్టండి. మీరు పెట్టకుంటే నా ఒక్కదాని సంతకంతో పోతాది."

ఆయన నిజంగానే వెతికాడు. కలం పట్టుకుని వరసవరసా దిగాడు. ఒక చోట 'అత్యంత ఘోరమైన ఈ ప్రమాదం' అని ఉంది. 'అత్యంత ఘోరమైన' అన్న రెండు మాటలూ కొట్టేశాడు. వదిన వంగి చూసి, అది పోవాల్సిందే, నా కంటికి పడలేదు అంది. ఆ భయంలో కూడా నాకు నవ్వొచ్చి పెదవి కొరుక్కున్నాను. తర్వాత ఆయన కలం 'నేను రాశాను' అన్న చోట చాలాసేపు నిలబడింది.  కలం అక్కడి నుంచి కిందకు దిగింది. చెయ్యాల్సిన పనుల దగ్గర రెండుసార్లు చదివాడు.

"వెనక గేటు పెట్టించేదానికి ఎన్ని దినాలు పడతాదమ్మా?" అని అడిగాడు.

వదిన ఏం చెప్పిందో నాకు గుర్తు లేదు. ఆయన సంతకం పెట్టడం మాత్రం గుర్తుంది. ఆ మనిషి చేతికి భయానికి బదులు వదిన ఒక పని ఇచ్చింది గనుకే సంతకం పడిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. వదిన మాత్రం ఒప్పుకోదు. అలసిపోయినాడు, అంతే అంటుంది.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కొన్నాళ్లు తాళం పడింది, తర్వాత తీశారు. వదినను భద్రత పని నుంచి తీసేసి తూకం దగ్గర కూర్చోబెట్టారు, రిటైరయ్యేదాకా అక్కడే. ఆమె దాని గురించి ఎప్పుడూ గొణగలేదు గానీ, మొదటి వారం అన్నం సగంలో వదిలేసి లేచేది. గౌనిపల్లి అక్కకు పని నిలిచింది. వచ్చిన మొదటి రోజు తూకం దగ్గరికి వచ్చి, పేరు నీదే పెట్టుకున్నావంట కదమ్మా అని మాత్రం అని, చాలాసేపు అక్కడే నిలబడింది. మెట్లెక్కితే ఆయాసం, దుమ్ము పడితే దగ్గు మాత్రం ఆమెను వదల్లేదు. ఏ రిపోర్టూ దాన్ని తిరిగి రాయలేకపోయింది.

కొత్త బోర్డు రాయడం అధికారికంగా వదిన పని కాకపోయినా ఆమే రాసింది. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. షెడ్డు తలుపు దగ్గర నిలబడి, ఒక్కొక్కరికీ చదివి వినిపించి, ఇప్పుడు ఎటు పోతావో నడిచి చూపించమని అడిగింది. తడబడిన చోట మాట మార్చింది. మా కోలారు వైపు చాలామందికి నోట్లో ఉండేది తెలుగు, కంటికి తెలిసేది కన్నడ అక్షరాలు. అందుకని కన్నడ కింద, కన్నడ లిపిలోనే తెలుగు మాటలు రాయించింది. గాలిసంచి చూడు, అది ఎగిరే వైపు పోవద్దు, గాలికి అడ్డంగా నడువు. అంతే.

ఇప్పుడు అక్కడ ఏరుడు పనికి వచ్చే ఆడవాళ్లలో మా వదిన ఎవరో తెలిసినవాళ్లు లేరు. ఎండకు వెలిసినప్పుడల్లా బోర్డుకు కొత్త రంగు పూస్తారు, రంగు పూసేవాడికీ ఆ మాటలు ఎవరివో తెలియదు. ఆషాఢం వచ్చి రేకులు మోగడం మొదలైతే మాత్రం, వాళ్లు చేతిలో టమాటాతోనే ఒకసారి తలెత్తి పైన గాలిసంచి చూసి మళ్లీ పనిలో పడతారు. ఏళ్లు గడిచేకొద్దీ మన భయాలూ, కన్నీళ్లూ, పేర్లూ రాలిపోయి, ఇట్లా తలెత్తి చూసే చిన్న అలవాటొకటి మిగిలితే, కాలం మనకు తక్కువేమీ చెయ్యలేదనే అనుకోవాలి.