ఏడవని పిల్లల బొమ్మలు

మా పెద్దపిల్ల పుట్టినప్పుడు మేము సూర్యాపేటలో డేరా టాకీసు వెనక ఒక రేకుల గదిలో ఉండేవాళ్ళం. నా పెనిమిటి ఆ టాకీసులో సినిమా వేసే మిషన్ నడిపేవాడు. డేరా ఊరూరా తిరిగేది. సూర్యాపేటలో కొన్ని నెలలు, తర్వాత కోదాడ, ఆ తర్వాత మిర్యాలగూడ. దానితోపాటే మేమూ, మా అత్తా, రెండు ట్రంకు పెట్టెలూ. అది నలభై ఏడో సంవత్సరం చలికాలం. పల్లెల మీద తుపాకులవాళ్ళు పడుతుంటే గడబిడలు ముదిరాయి. చీకటి పడితే జనం బయటికి రావడం లేదని రెండో ఆట ఎత్తేశారు. పొద్దుగూకగానే మొదలయ్యే ఆట ఒక్కటే మిగిలింది.

సినిమాను అందరం బొమ్మ అనేవాళ్ళం. ఆయనకు మాత్రం ఏ బొమ్మా సరిగా కనబడేది కాదు. కళ్ళు మిషన్ లోపలి మంట మీద, చెయ్యి రీలు మీద. అందుకే ఆట అయిపోగానే వచ్చి నన్నడిగేవాడు.

"ఎట్లున్నది బొమ్మ?"

పిల్లకు పేరు పెట్టిన మర్నాడే నేను ఆడవాళ్ళ వైపు ఇసుకలో చాప వేసుకుని కూర్చున్నాను. "పసిగుడ్డును గంతమంది జనంల కూసోవెడ్తవా? దిష్టి తగుల్తది" అని అత్త కేకలేసింది. కానీ గదిలో పడుకున్నా బొమ్మలోని ఏడుపులూ పాటలూ చెవిన పడుతూనే ఉండేవి. ఊరికే వినడంకంటే చూడటమే నయమనిపించింది. మిషన్ ఒక్కటే కాబట్టి రీలు రీలుకూ ఆపి దీపాలు వేసేవాళ్ళు. ఆ వెలుతురులో పిల్ల గుడ్డలు మార్చేదాన్ని, చీకట్లో పాలిచ్చేదాన్ని.

ఆ నెల చూసింది పురాణం బొమ్మ. అందులో దేవుడు మనిషి కడుపున పుడతాడు. పుట్టిన గడియకే ఆరు నెలల పిల్లవాడంత ఉన్నాడు. కంటికి కాటుక, కాలికి గజ్జెలు. తల్లి తలలో పూలైనా నలగలేదు. నేనా, అప్పటికింకా గోడ పట్టుకుని నడుస్తున్నాను.

"అంత అబద్ధం" అన్నాను ఆయనతో. "పిల్లను కనుడు గట్లుంటదా?"

"మరి పాటలెట్లున్నయి?"

"పాటలు మంచిగున్నయి."

కోదాడకు బండి మీద వెళ్తుంటే నాకు జ్వరం పట్టుకుంది. వారం తర్వాత జ్వరం వదిలింది కానీ పాలు ఎండిపోయాయి. అత్త మెంతులు వండి పెట్టింది, వెల్లుల్లి కాల్చి పెట్టింది. ఒక్క చుక్క రాలేదు. ఆవుపాలు పోస్తే పిల్ల కక్కేసేది. ఏడ్చి ఏడ్చి దాని గొంతు బొంగురుపోయింది.

కోదాడ నిండా ఊళ్ళు విడిచి వచ్చినవాళ్ళే. సంస్థానం సరిహద్దు దాటి అవతలికి పోయేవాళ్ళు పోతున్నారు, పోలేనివాళ్ళు తిండి కోసం దొరికిన పని చేస్తున్నారు. డేరాలో దుమ్ము లేవకుండా ఇసుక మీద నీళ్ళు చల్లడానికి ఒక ఆడమనిషి వచ్చేది. నడిగూడెం దగ్గరి పల్లె, కూలి జనం. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందు కుండ దించి నిలబడింది. రవిక ముందంతా తడిసి ఉంది. కుండ నీళ్ళనుకున్నాను. కాదు.

"జర ఇటియ్యమ్మా పిల్లను" అంది.

అత్త అడ్డం వచ్చింది. "మీరేమోళ్లు?"

ఆమె తన కులం చెప్పింది. అత్త మొహం తిప్పుకుంది. "మా ఇంట్ల గట్ల నడ్వదు. నీ పని నువ్వు సూసుకో."

నేను లేచి వెళ్ళి పిల్లను ఆమె ఒళ్ళో పెట్టాను. ఏడుపు ఆగిపోయింది. గుటకల చప్పుడు వినపడింది. అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఆమె వచ్చే వేళకు తానే పెరట్లోకి వెళ్ళిపోయేది.

సాయంత్రం నీళ్ళు చల్లడం అయ్యాక ఆమె నా పక్కనే కూర్చుని, పిల్లకు పాలిస్తూ బొమ్మ చూసేది. అంతకు ముందు ఎప్పుడూ చూసింది లేదు. రాజుగారి మేడ చూపిస్తే, "గంత పెద్దింట్ల ఊడ్సెటోళ్లు ఒక్కలు గూడ కనవడరేందమ్మా?" అంది. నాకు నవ్వాగలేదు. ఆ నెలలో నేను నవ్వింది అదొక్కసారే.

ఆ బొమ్మలోనే రాణి పసివాణ్ణి ఎత్తుకుని అడవిలో పొద మాటున దాక్కుంటుంది. శత్రువుల భటులు మూరెడు దూరంలోంచి నడిచిపోతారు. పిల్లవాడు చప్పుడు చెయ్యకుండా నవ్వుతూ ఉంటాడు. చుట్టూ ఆడవాళ్ళంతా ఊపిరి బిగబట్టారు.

"అబద్ధం" అంది ఆమె, అందరికీ వినపడేలా.

రీలు అయిపోయి దీపాలు వెలిగాయి. ఆమె నా వైపు చూడలేదు.

"ఏడ్వకుంట ఎట్లుంటడమ్మా? నా పోరడు ఏడ్సిండు. తెల్లారంగనే తుపాకులోళ్లు ఊరి మీద వడ్డరు. మేం ఎనమండ్రం జొన్నచేన్ల పండుకున్నం. గట్టు మీద వాళ్ల చెప్పుల సప్పుడు ఇనవడ్తనే ఉన్నది. పోరని నోటి మీద చెయ్యి వెట్టిన. వాళ్లు పోయిందాంక తియ్యలె."

"తీసినంక?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"తీసినంక ఏమున్నదమ్మా."

దీపాలు ఆరిపోయాయి. ఇంకో రీలు మొదలైంది. పిల్ల తాగుతూనే ఉంది. నేను తెర వైపు చూడలేకపోయాను. ఆ సాయంత్రం ఆయన అడిగినప్పుడు బొమ్మ సంగతి చెప్పలేదు, ఆమె చెప్పింది చెప్పాను.

నెల తిరక్కుండానే డేరా ఎత్తెయ్యమని హుకుం వచ్చింది. మిర్యాలగూడకు బయలుదేరాం. ఆమె బండి పక్కన నిలబడింది. తీసుకెళ్తామేమోనని చూస్తోంది.

"గాడ మన సుట్టాలున్నరు" అంది అత్త. "ఈమెను బండ్ల కూసోవెట్టుకపోతే మొకం ఎట్ల సూపియ్యాలె?"

ఆయన నా వైపు చూశాడు. నేనొక్క మాటంటే ఎక్కించుకునేవాడే. నేను అనలేదు. ఆమె పిల్లకు కడుపు నిండా పాలిచ్చి తిరిగి నా చేతికిచ్చింది.

"మేకపాలు సగం నీళ్లు గలిపి తాగియ్యి. ఉగ్గుగిన్నెతోటి, జర జరంత" అని చెప్పి, అవతలి దిక్కుకు పోతున్న జనంలో కలిసిపోయింది.

మిర్యాలగూడలో పదిహేను రోజులకే పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. మేకపాలు కూడా సగం బయటికే వచ్చేవి. ఒక పొద్దున అత్త కొడుకు ముందు నిలబడి, "పో. గామెను తోల్కరా. ఎవలేమన్న నేను జెప్పుకుంట" అంది.

ఆయన నాలుగో రోజు ఒక్కడే తిరిగొచ్చాడు. కోదాడలో ఆమె లేదు. సరిహద్దు దాటి, ఊళ్ళు విడిచినవాళ్ళుండే పాకలన్నీ వెతికాడు. ఆ పాకల్లో కలరా పడిందని ఆమె పల్లెవాళ్ళు కనబడి చెప్పారట.

"గత్తరొచ్చిందంట. ఒక్క దినంలనే ఖతం."

అత్త బావి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తోడుకుని, కట్టుకున్న చీరతోనే తల మీద పోసుకుంది. అయినవాళ్ళు పోయిన కబురు వింటే పోసుకునే స్నానం అది. పక్కింటి చుట్టాలావిడ చూసి, ఎవరు పోయారని అడిగింది.

"మా ఇంటి మనిషి" అంది అత్త.

ఆ తర్వాత పిల్లను నా చేతికి ఇచ్చేది కాదు. పగలంతా ఉగ్గుగిన్నె పట్టుకుని, చుక్క చుక్కా పోస్తూ కూర్చునేది. పిల్ల బతికింది. నడక మాత్రం రెండేళ్ళు దాటాక గానీ రాలేదు. వానలు మొదలయ్యాక ఆయన టాకీసు పని మానుకుని బియ్యం మిల్లులో ఇంజన్ చూసుకునే పనికి కుదిరాడు.

నా కూతురికి మొదటి కాన్పు అయినప్పుడు ఇదంతా చెప్పాను. అది తన పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విన్నది.

"అమ్మా, ఆనాడు బండి కాడ నువ్వెందుకు మాట్లాడలే?" అని అడిగింది.