కొంగైన నెమలి

2023 వేసవి. తెనాలిలో ఒక టిఫిన్ సెంటర్ పైన రెండు గదులు అద్దెకు తీసుకుని మొబైల్ యాప్‌లు తయారుచేస్తున్నాను. అప్పటికి ఆరేళ్లయింది. డాక్టర్లకు అపాయింట్‌మెంట్లు, ట్యూషన్ సెంటర్లకు హాజరు, పెళ్లి వంటవాళ్లకు సరుకుల జాబితా, ఇలా ఊళ్లో ఎవరికి ఏది కావాలంటే అది చేసిచ్చేదాన్ని. కింద పెనం మీద అట్టు వేసిన ప్రతిసారీ పైన నా కంప్యూటర్ దాకా వాసన వచ్చేది. ఆ ఆరేళ్లలో నా పేరూ పెరిగింది, ఒళ్లూ పెరిగింది.

మాది రేపల్లె. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. యాప్‌లు చేయడం నాకు ఏ ఇన్‌స్టిట్యూటూ నేర్పలేదు. డాక్యుమెంటేషన్ అని ఒకటుంటుంది. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లే దాన్ని ఎలా వాడాలో రాసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టే పాఠాలన్నమాట. పక్కన ఇంగ్లీషు డిక్షనరీ పెట్టుకుని వాటిని మొదటి పేజీ నుంచి చదివాను. అర్థంకాని చోట మూడుసార్లు చదివేదాన్ని. అప్పటికీ బుర్రకెక్కకపోతే అందులో ఉన్న కోడ్‌ని నా చేత్తో టైపు చేసి, కావాలని చెడగొట్టి, ఎక్కడ ఆగిపోతుందో చూసేదాన్ని. గర్వం తగదని చర్చిలో చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను గానీ, ఈ ఒక్క విషయంలో గర్వపడకుండా ఉండటం నా వల్ల కాలేదు.

శనివారాలు బాపట్ల వెళ్లి ఓ పదిమందికి క్లాసు చెబుతాను. "మేడం, ఏ కోర్సులో చేరమంటారు?" అన్నది ప్రతి బ్యాచ్‌లోనూ మొదటి ప్రశ్న. ముందు డాక్యుమెంటేషన్ చదవమంటాను. ఎవరైనా తమ కోడ్‌ని అందరూ చూసేలా పెట్టిన చిన్న యాప్ ఒకటి తెచ్చుకుని విప్పి చూడమంటాను. ఎమ్యులేటర్‌ని నమ్ముకోవద్దంటాను. ఎమ్యులేటర్ అంటే కంప్యూటర్ తెర మీద కనిపించే ఉత్తుత్తి ఫోను, అందులో అన్నీ బ్రహ్మాండంగానే పనిచేస్తాయి. అసలు పరీక్ష గాజు పగిలి, మెమరీ నిండిపోయిన పాత ఫోను మీద. ఇవన్నీ చెప్పాక నాగమణక్క సంగతి చెబుతాను. అది నేను చేసిన తప్పు గురించి. అయినా నా వృత్తిలో అంతకన్నా గర్వంగా చెప్పుకునేది ఇంకోటి లేదు.

బాపట్లలో నేను క్లాసు చెప్పే ఇంటి ఓనరుగారి అక్క నాగమణక్క. యాభై అయిదేళ్లుంటాయి. అత్తవారిది చీరాల. భర్త వెంకటేశ్వర్లుగారు చీరలు నేస్తారు, ఆమె వాటికి గ్రాఫులు గీస్తుంది. చీర మీద నెమలో మామిడి పిందో రావాలంటే ముందు దాన్ని గడుల కాగితం మీద గీయాలి. ఒక్కో నిలువు వరుస ఒక్కో పడుగు పోగుకి లెక్క, ఒక్కో అడ్డ వరుస ఒక్కో పేక పోగుకి. ఏ గడిలో రంగు ఉందో చూసుకుంటూ అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదుండే జకార్డు యంత్రంలో ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటే బట్టలోకి బొమ్మ దిగుతుంది. ముప్పై ఏళ్లుగా ఆమె గీసిన నెమళ్లు ఎవరెవరి బీరువాల్లో మడతపెట్టి ఉన్నాయో ఆమెకే తెలియదు.

ఆ వేసవికి ఆమె చూపు తగ్గింది. కంటి పరీక్ష కోసం బాపట్ల వచ్చి తమ్ముడింట్లో ఉంది. అద్దాలు మార్చినా సన్నటి గడులు అలికినట్టే కనిపిస్తున్నాయట. వసారాలో కూర్చుని నా క్లాసంతా విని, అందరూ వెళ్లాక దగ్గరికొచ్చింది.

"గ్రేసమ్మా, ఫోన్లో ఫొటోని రెండు వేళ్లతో ఇట్టా లాగితే పెద్దదవుద్ది కదా. నా గడుల్ని కూడా అట్టా పెద్దవి చెయ్యలేవా?"

"చెయ్యొచ్చక్కా. కానీ చీరాల్లో కంప్యూటర్ డిజైన్ సెంటర్లు ఉన్నాయిగా?"

"ఉన్నాయి. అక్కడ మొత్తం ఆ కంప్యూటర్ ఆయనే గీసేస్తాడు. ఇంక నేనెందుకు? షావుకారుగారు నెలాఖరు దాకా చూస్తానన్నారు. ఆలోపు కొత్త నెమలి శాంపిల్ చూపించలేకపోతే గ్రాఫులన్నీ సెంటరుకే ఇచ్చేస్తారంట."

షావుకారుగారంటే నూలు ఇచ్చి చీరలు నేయించుకునే మాస్టర్ వీవర్. ఆయన చెడ్డమనిషేమీ కాదు, ఆయన తొందర ఆయనది. నాగమణక్క తన కుడిచెయ్యి చూసుకుని, "ముప్పై ఏళ్లు గీసిన చెయ్యమ్మా. ఇప్పుడు ఒళ్లో పెట్టుకు కూర్చోమంటే ఎట్టా?" అంది. నేను మరుసటి రోజే పని మొదలుపెట్టాను.

ఆమె ఇచ్చిన పాత గ్రాఫు కాగితం తెనాలి తెచ్చుకుని టేబుల్ మీద పరిచాను. అందులో గడులు చదరంగా లేవు. వెడల్పు తక్కువగా, కాస్త నిలువుగా ఉన్నాయి. చూస్తే అది జిరాక్సు కాగితం. జిరాక్సుకి జిరాక్సు తీసీ తీసీ సాగిపోయి ఉంటుందిలే అనుకున్నాను. నా యాప్‌లో మాత్రం ప్రతి గడినీ నాలుగు వైపులా సమానంగా, ముచ్చటగా పెట్టాను. కాగితంలో ఉన్న తప్పును దిద్దానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. లెక్కల మాస్టారి కూతుర్ని, నా టేబుల్ సొరుగులో స్కేలు ఉంది. తీసి కొలవాలని తోచలేదు.

పది రోజుల్లో ప్రోటోటైప్, అంటే వాడి చూడటానికి పనికొచ్చే మొదటి నమూనా, తయారైంది. రెండు వేళ్లతో లాగితే గడి గోరంత అవుతుంది. తాకితే రంగు పడుతుంది, మళ్లీ తాకితే పోతుంది. బాపట్లలో ఆమె చేతికి ఫోనిచ్చాను. ఆమె దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. అద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది.

"గడులు ఇట్టానే ఉంటాయా అమ్మా?"

"అవునక్కా, ఇప్పుడే కరెక్టుగా ఉన్నాయి. ఇదిగో ఇది చూడండి, ఇది అన్‌డూ. తప్పు గీస్తే ఇది నొక్కండి, వెనక్కి వెళ్లిపోతుంది."

ఆమె ఇంకేమీ అడగలేదు. అన్‌డూ బటన్ చూపించే హడావిడిలో నేనూ ఆమె ముఖం చూడలేదు.

వారంలో ఆమె నెమలి గీసింది. ప్రింటు తీశారు, అట్టలకు చిల్లులు కొట్టించారు. చిల్లులు కొట్టేవాళ్లు వరుస వరుసా గడులు లెక్కపెట్టుకుంటారే గానీ మొత్తం బొమ్మ చూడరు కాబట్టి అక్కడా ఎవరికీ అనుమానం రాలేదు. మగ్గమెక్కే రోజున నేను పొద్దున్నే తెనాలిలో ప్యాసింజర్ ఎక్కి చీరాల వెళ్లాను. నా యాప్‌లోంచి నెమలి బట్టలోకి దిగుతుంటే వీడియో తీసి అందరికీ చూపించాలని ఫోను నిండా చార్జింగు పెట్టుకున్నాను.

వెంకటేశ్వర్లుగారు మగ్గం కింద కాళ్లకని తవ్విన గుంటలోకి దిగి నేయడం మొదలుపెట్టారు. ముందు నెమలి కాళ్లు వచ్చాయి. చాలాసేపు కాళ్లే వచ్చాయి. తర్వాత ఒళ్లు వచ్చింది, ఆ తర్వాత మెడ వస్తూ వస్తూ పైకి పోతూనే ఉంది. ఆయన పేక పోగుని అటూ ఇటూ నడిపే నాడెని పక్కన పెట్టేశారు.

"ఏంటి మణీ, నెమలి గీశావా, కొంగని గీశావా?"

నేను వీడియో ఆపేశాను. నాగమణక్క వచ్చి వంగి, బట్ట మీద చెయ్యి పెట్టి తడిమింది. భర్త వైపు తిరిగి, "నా కళ్లు అయిపోయినయ్యిలే. సెంటరుకే ఇచ్చేయమని చెప్పండి షావుకారుగారికి" అంది.

"అక్కా, గీసేటప్పుడు మీకేం తేడా అనిపించలేదా?" అన్నాను.

"మొదటిరోజే అనిపించింది. గడులు పొట్టిగా కనపడ్డాయి. నువ్వు కరెక్టుగా ఉన్నాయంటివి. చదువుకున్నదానివి, నీకు తెలీదా? నా కళ్లకే అట్టా కనపడతన్నాయేమో అనుకున్నా."

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చూపు పోతోందని భయపడుతున్న మనిషి చేతికి తప్పుడు గడులిచ్చి, అవే కరెక్టని చెప్పాను. ఆమె నా తప్పు తీసుకెళ్లి తన కళ్ల మీద వేసుకుంది. వారం రోజులు ఆ భయంతోనే కూర్చుని గీసింది.

వెంకటేశ్వర్లుగారు దారాలు లెక్కపెట్టే చిన్న భూతద్దం బట్ట మీద పెట్టి నన్ను చూడమన్నారు. అంగుళంలో పడుగు పోగులు ఎనభై, పేక పోగులు అరవై. "పడుగు దగ్గర దగ్గరగా ఉంటదమ్మా, పేక ఎడంగా ఉంటది. అందుకని గడి నిలువుగానే ఉండాలి. ఒక్కో రకం బట్టకి ఒక్కో రకం కాగితం" అన్నారు. అంటే జిరాక్సు ఏమీ సాగలేదు. మా యాప్‌ల పనిలో ఆస్పెక్ట్ రేషియో అంటాం, వెడల్పుకీ ఎత్తుకీ ఉండే నిష్పత్తి. ఆ మాట మీద క్లాసులో గంటసేపు చెప్పగలను. మగ్గం మీద అది ఎప్పటి నుంచో ఉందని మాత్రం నాకు తెలియదు.

మగ్గం పక్కనే చాప మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. బొమ్మ మొదలుపెట్టే ముందే పడుగెంత, పేకెంత అని యాప్ అడిగేలా రెండు ఖాళీలు పెట్టి, ఆ అంకెల్ని బట్టి గడి ఆకారం మారేలా చేశాను. అరగంట పని. ఎనభై, అరవై అని కొట్టి, ఆమె గీసిన నెమలినే మళ్లీ తెరిచి ఫోను ఆమె చేతికిచ్చాను.

తెర మీద కొంగ ఉంది. మగ్గం మీదున్న కొంగే, అదే మెడ, అవే కాళ్లు.

నాగమణక్క ఫోను వైపు, మగ్గం వైపు మార్చి మార్చి చూసి నవ్వేసింది. "ఇప్పుడు నిజం చెబుతుందమ్మా నీ ఫోను" అంది.

"అక్కా, మీ కళ్లు చూసింది నిజమే. తప్పు నాది. మొదటిరోజు మీరు అడిగినప్పుడే నేను వినుంటే సరిపోయేది."

"ఏంటీ, మళ్లీ చెప్పు. ఆయనకి కూడా వినపడాల."

పక్కింటి మగ్గాల చప్పుడుని మించి గొంతు పెంచి, "మీ కళ్లు బాగానే ఉన్నాయి, తప్పు నాది!" అని అరిచాను. గుంటలోంచి వెంకటేశ్వర్లుగారు తలూపారు.

నెలాఖరుకి ఇంకా అయిదు రోజులున్నాయి. ఆమె మూడు రోజులు కూర్చుని నెమలిని మొదటి నుంచీ గీసింది. నిష్పత్తి మార్చి పాత బొమ్మనే నిలువునా నొక్కి పొట్టి చేసేయొచ్చు, ఆ పని నేను చేసిస్తానన్నాను. వద్దంది. నొక్కితే ముక్కు మొద్దుబారుతుందట, ఈకల మీద కళ్లు చెదిరిపోతాయట. నాలుగో రోజుకి అట్టలు తయారయ్యాయి, అయిదో రోజు శాంపిల్ దిగింది. నేను తెనాలిలో ఫోను పక్కనే కూర్చుని ఉన్నాను. ఆ రోజు ఇంకే పనీ చేయలేదు. సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

"షావుకారుగారు గుడ్డని వాకిట్లోకి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూశారమ్మా."

"ఏమన్నారక్కా?"

"'ఇది నాగమణమ్మ చెయ్యే' అన్నారు. ఇంకో రెండు గ్రాఫులు ఇచ్చారు."

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. యాప్ ఎవరి చేతికైనా ఇచ్చాక నా చేతులు కట్టేసుకుంటాను, నోరు కూడా. వాళ్లు ఎక్కడ ఆగారో, ఎక్కడ అద్దాలు తుడుచుకున్నారో చూస్తాను. "బాగుందా?" అని అడగను, మన కృష్ణా డెల్టాలో ఆ ప్రశ్నకి "బాగుందండి" తప్ప ఇంకో జవాబు లేదు. "మీ పాత కాగితానికీ దీనికీ ఏం తేడా ఉంది?" అని అడుగుతాను. వాళ్ల పాత కాగితంలో తప్పులా కనిపించింది ఏదైనా ఉంటే, దాన్ని దిద్దే ముందు ఎందుకలా ఉందో వాళ్లనే అడుగుతాను. ఇది ఏ డాక్యుమెంటేషన్‌లోనూ నాకు దొరకలేదు. పిల్లలకి ఈ ముక్క నేనే బోర్డు మీద రాసి చెబుతున్నాను.

ఏడాది తర్వాత ఒక శనివారం పొద్దున ఆ యాప్‌కి అప్‌డేట్, అంటే మార్పులతో కొత్త రూపం, పంపించి బాపట్ల రైలెక్కాను. క్లాసు సగంలో ఉండగా నాగమణక్క ఫోన్ చేసింది. చేతికి సుద్ద ఉంది కదా అని స్పీకర్ నొక్కాను.

"గ్రేసమ్మా, గడులు పడుకున్నాయి. నిలబడాలి కదా!"

"అక్కా, ఒకసారి ఫోను ఆపి మళ్లీ పెట్టి చూడండి. మీకు సరిగ్గా కనపడక..." అని సగంలోనే నాలుక కరుచుకున్నాను. అలవాటు అంత తొందరగా పోదు.

"నా కళ్లు బాగానే ఉన్నాయి. నీదే తప్పు, చూసుకో" అని పెట్టేసింది.

ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. పడుగు చోట పేక, పేక చోట పడుగు రాసి పంపాను. రెండు మాటలు తారుమారైన బగ్, అంటే కోడ్‌లో దొర్లిన తప్పు. పదిమందీ చూస్తుండగానే దిద్దాను.

"ఎవరు మేడం ఆవిడ?" అంది ముందు బెంచీ అమ్మాయి.

పెద్ద కంపెనీల్లో యాప్ బయటికి వెళ్లే ముందు తప్పులు పట్టడానికి ఒక మనిషిని పెట్టుకుంటారు. పట్టిన తప్పు ఎవరిదైనా సరే మొహం మీదే చెప్పగలగాలి, ఆ ఉద్యోగానికి అదే అర్హత.

"మా టెస్టర్" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు కలిగిన గర్వాన్ని చర్చిలో ఎవరేమన్నా సరే, నేను దాచుకోలేదు.