నీలిపిడుగు చివరి పేజీ, వీర్రాజు గారి మీసం

నా చేతిరాత వల్ల పాలకొల్లులో ఒక మీసం పోయింది. మామూలు మీసం కాదు. కొసలు రెండూ పైకి తిరిగి, సొంత దువ్వెన ఉన్న మీసం. మూడేళ్లు పెంచింది. దాన్ని నేను కత్తి పట్టుకుని తీయలేదు. నల్ల సిరా పెన్నుతో, స్కేలు పెట్టి గళ్లు గీసి, గుండ్రటి అక్షరాలతో తీసేశాను.

ఇంత ఘోరం చేసింది నేనేనంటే మీరు నమ్మరు. అప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. క్లాసులో హాజరు పలికితే లెక్చరరు గారికి వినపడక, ఎదురుగా కూర్చుని కూడా ఆబ్సెంటు వేయించుకున్న చరిత్ర నాది. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి, దొంగతనం చేసినట్టు లోపలికి పరిగెత్తేదాన్ని. నోటితో చెప్పలేనివన్నీ డైరీలో రాసుకునేదాన్ని. డైరీ "ఏంటీ? గట్టిగా చెప్పు" అనదు కదా.

బస్టాండు వెనక సందులో సత్తిరాజు గారి అద్దె పుస్తకాల షాపు ఉండేది. దానికి ఒక పక్క సెలూను, ఇంకో పక్క కొత్తగా పెట్టిన నెట్ సెంటరు. అద్దె పుస్తకానికి ముందుగా ఊడిపోయేది చివరి పేజీయే. అందుకు సత్తిరాజు గారికి ఒక పద్ధతి ఉంది. రాజమండ్రిలో ఆయన బావమరిదికీ ఇలాంటి షాపే. అక్కణ్నుంచి అదే పుస్తకం బస్సులో తెప్పించి, పోయిన పేజీని చేత్తో రాయించి, మైదా జిగురుతో అతికించేవారు.

"అమ్మాయిగారూ, మీ అక్షరాలు అచ్చు వేసినట్టు ఉన్నాయండి. ఆ పేజీలేవో మీరే రాసిపెట్టకూడదూ? మీకు అద్దె లేదు, కావలసినన్ని చదువుకోండి" అన్నారు ఒకరోజు.

"నా పేరు ఎవరికీ చెప్పకూడదండి" అన్నాను.

"ఏంటండీ?"

కాగితం మీద రాసి చూపించాను. ఆయన ఒప్పుకున్నారు.

బొమ్మల కథలకైతే గళ్లు గీసి, బొమ్మ ఉండాల్సిన చోట "వర్షం. బస్టాపు. దూరంగా మంటలు" అని రాసేదాన్ని. ఎందుకంటే నేను గీసిన గుర్రాన్ని చూసి మా అమ్మ "బల్ల బాగుందే" అంది.

ఇప్పుడు నీలిపిడుగు గురించి చెప్పాలి. ఎక్కడో పుట్టి తెలుగులోకి దిగిన వీరుడు. పగలు టెలిఫోను ఆఫీసులో గోపాలం అనే గుమాస్తా. ఎవరైనా ఆపదలో ఉంటే నీలం ముసుగేసుకుని ఎగిరిపోతాడు. నన్ను అడిగితే (ఎవరూ అడగలేదు, అందుకే నా డైరీలో పదకొండు పేజీలు పట్టింది), కొండలు ఎత్తేవాళ్లెవరూ నిజమైన వీరులు కారు. కొండ ఎత్తడం బలం ఉన్నవాడి పని. వీరుడన్నవాడు దేన్నో పోగొట్టుకోవాలి. గోపాలానికి ప్రతి పుస్తకంలోనూ ఆరింటి బస్సు పోయేది. ఆ బస్టాపులో టైపిస్టు మాధవి గొడుగేసుకుని నిలబడి ఉండేది. ఇద్దరూ కాఫీ తాగుదామనుకున్నారు. సరిగ్గా ఆరింటికి ఏ వంతెనో కూలేది. అలా నలభై పుస్తకాలు. అతని వీపున వేలాడే ఆ దుప్పటి మన గోదావరి జిల్లాల ముసురులో మూడు రోజులైనా ఆరదన్న సందేహం తప్ప, నీలిపిడుగులో నాకు ఇంకే లోపమూ కనపడలేదు.

ఆ పుస్తకాలు నాకంటే ముందు ఇంకెవరో చదివేవారు. తెరవగానే వార్నిషు వాసన వచ్చేది. పేజీ మూలల్లో తేనెరంగు వేలిముద్రలు ఉండేవి. నేను ఎక్కువసేపు ఆగే బొమ్మల దగ్గరే ఆ ముద్రలూ గట్టిగా పడి ఉండేవి. కొన్నాళ్లకు ఆ వేళ్లు ఎవరివో తెలిసింది. ఎదుటి వరసలో పంపుసెట్ల మోటార్లకు రాగితీగ వైండింగు చేసి వార్నిషు పూసే షాపులో పనిచేసే వీర్రాజు గారివి. మీసం ఆయనదే. ఏడాదిపాటు ఆయన మడిచిన పేజీలు నేను విప్పాను. మాట మాత్రం ఒక్కటీ ఆడలేదు.

నలభయ్యో పుస్తకంతో కథ అయిపోయింది. నెల తిరక్కుండా షాపులో దాని చివరి పేజీ ఊడిపోయింది. పేజీ ఉండగా చదివే వంతు నాకూ, వీర్రాజు గారికీ రాలేదు. రాజమండ్రి నుంచి వచ్చిన పుస్తకాన్ని ఒక ఆదివారం మధ్యాహ్నం మా పెరటి గుమ్మంలో కూర్చుని తెరిచాను.

పేజీలో ఆరు గళ్లు. నగరం బతికింది. నీలిపిడుగు మబ్బుల్లోకి వెళ్లిపోయాడు, ఇక రాడు. బస్సు వచ్చింది, పోయింది. మాధవి గొడుగు ముడిచింది. ఆరో గడిలో ఖాళీ బస్టాపు. కింద "సమాప్తం".

సమాప్తమట! నలభై పుస్తకాలు ఆ పిల్లని వానలో నిలబెట్టి, ఒక్క మాటైనా చెప్పకుండా సమాప్తం! మీరే చెప్పండి. నాకైతే కళ్లు మసకబారిపోయాయి. పెన్ను తీశాను. నాలుగు గళ్లు ఉన్నది ఉన్నట్టు రాశాను. ఐదో గడి దగ్గర నా చెయ్యి నా మాట వినలేదు.

"వాన వెలిసింది. తడిసిన మనిషి ఒకడు. ముసుగు జేబులో ఉంది. 'ఆలస్యమైందా?' అన్నాడు."

ఆరో గడి: "'లేదు, ఇప్పుడే వచ్చాను' అంది మాధవి."

సత్తిరాజు గారు చూడకుండానే అతికించేశారు. "నేను చదవడం మొదలెడితే షాపెవరు చూస్తారండి?" అనేవారు ఎప్పుడూ.

రెండు వారాల తర్వాత ఆ పుస్తకం మళ్లీ నా చేతికొచ్చింది. వార్నిషు వాసన. ఆరో గడి పక్కన, నా అక్షరాల మీద, ఒక పూర్తి ముద్ర. ఆ రోజు తేదీ కింద నా డైరీలో ఒకటే మాట ఉంది: బొటనవేలు.

అంతటితో ఆగితే బాగుండేది. నెట్ సెంటరు బుల్లబ్బాయి గారు నీలిపిడుగు వీడియో గేము సీడీ తెప్పించారు. ఆయన అలవాటుగా బయటికెళ్లిన ఒక మధ్యాహ్నం, వాళ్ల చెల్లెలు నాతో చదువుతుంది కాబట్టి, నేనూ ఆడాను. పావుగంట సేపు నీలిపిడుగుని ఒకే గోడకేసి కొట్టాను. ఎగరడం బాగుంది, కాదనను. బాణం మీట నొక్కితే కడుపులో ఏదో తేలిపోయింది. కానీ ఆటలో అతనికి మూడు ప్రాణాలు. మూడు ప్రాణాలున్నవాడికి ధైర్యంతో పనేముంది? పైగా పుస్తకంలో ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య తెల్లటి సందు ఉంటుంది. గోపాలం దిగులు పడేది అక్కడే. ఆటలో ఆ సందు లేదు.

బుల్లబ్బాయి గారు పది రోజులు కూర్చుని ఆట పూర్తిచేసి, గెలిచిన ఎడ్లజతలా సత్తిరాజు గారి షాపులోకి వచ్చారు. వీర్రాజు గారు అక్కడే పుస్తకాలు తిరగేస్తున్నారు. నేను అలమర వెనక ఉన్నాను.

"ఏమండీ వీర్రాజు గారూ, మీవాడు పైకెళ్లిపోయాడండి! ఇక రాడు. కళ్లారా చూశాను."

"ఊరుకోండి బుల్లబ్బాయి గారూ. ఓపిక లేక మధ్యలో కట్టేసుంటారు."

"కట్టేయడమేంటండీ? తెర మీద పేర్లు కూడా పడ్డాయి!"

"పేర్లయ్యాక వచ్చుంటాడు. మీరు టీకి లేచిపోయుంటారు."

"రాలేదయ్యా బాబూ!"

"పుస్తకంలో వచ్చాడు కదండీ. 'ఆలస్యమైందా' అని అడిగాడు కూడాను."

"అది చేత్తో రాసిన పేజీ!"

"అచ్చు చూసే కదండీ చేత్తో రాసేది? ఏం సత్తిరాజు గారూ?"

"మా దగ్గర రాసేవాళ్లు కామా కూడా వదలరండి" అన్నారు సత్తిరాజు గారు, ఛాతీ విరుచుకుని.

అలమర వెనక నేను పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాను.

"అయితే పందెం" అన్నారు బుల్లబ్బాయి గారు. "ఓడినవాళ్ల మీసం తీసెయ్యాలి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు వీర్రాజు గారు. పక్క సెలూను ఆయన అప్పుడే బయటికొచ్చి కత్తి నూరడం మొదలెట్టాడు. రాజమండ్రి పుస్తకాన్ని ఆదివారం తెప్పిస్తానన్నారు సత్తిరాజు గారు. ఆ రోజు గురువారం.

చెప్పెయ్యాలి. వీర్రాజు గారికి నేనే వెళ్లి చెప్పాలి. కానీ ఆడపిల్ల మోటార్ల షాపుకి ఊరికే ఎలా వెళ్తుంది? ఇంట్లో టేబులు ఫ్యాను తీశాను.

"కార్తీకమాసంలో ఫ్యానేంటే?" అంది అమ్మ. "రాత్రి రెండో దుప్పటి లాక్కున్నది నువ్వు కాదూ?"

"శబ్దం చేస్తోందమ్మా."

"పెట్టకుండానే?"

శుక్రవారం ఆ ఫ్యానుని పసిబిడ్డలా ఎత్తుకుని షాపు మెట్లెక్కాను. వీర్రాజు గారు దాన్ని తిప్పి చూశారు, చెవి ఆనించి విన్నారు.

"దీనికేం లేదండి."

"అవునండి."

"మరి?"

"శబ్దం చేస్తుందండి."

"ఏమని?"

ఇక్కడ చెప్పాలి. నోరు తెరిచాను. "అదేనండి, నీలి..." అన్నాను. అక్కడే పెదాలు అతుక్కుపోయాయి, మైదా జిగురు రాసినట్టు.

"నీలిపిడుగా? మీరూ చదువుతారాండీ?" ఆయన ముఖం వెలిగిపోయింది. "ఆ చివరి పేజీ చూశారా? అంతకాలం నిలబెట్టినవాడు ఒక్క మాటైనా చెప్పకుండా పోతాడాండీ? పోడు. నాకు ముందే తెలుసు."

ఆ నమ్మకం చూశాక ఫ్యానుని ఆయన వైపు ఇంకొంచెం జరిపాను. ఆయన ఒక చీటీ ఇచ్చి, పేరూ, ఇంటి నంబరూ, కంప్లయింటూ రాయమన్నారు. రాశాను. ఆయన ఆ చీటీ తీసుకుని ఫ్యానుకి కట్టబోయి ఆగారు. చాలాసేపు చూశారు. నా వైపు చూశారు. మళ్లీ చీటీ చూశారు.

"అలాగేనండి" అన్నారు నెమ్మదిగా. "చూస్తాను."

నేను ఇంటికొచ్చి, చెప్పలేకపోయినందుకు డైరీలో నాలుగు పేజీలు ఏడ్చాను.

ఆదివారం సందు నిండిపోయింది. సత్తిరాజు గారు రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచారు. అచ్చు పేజీలో ఖాళీ బస్టాపు. నా పేజీలో ఇద్దరు మనుషులు. ఆయన కళ్లజోడు పైనుంచి అలమర వైపు చూశారు. నా చెవులు పెనం మీద అట్టులా కాలాయి.

"మరి ఇది..." అన్నారు.

"ఎవరు రాశారన్నది పందెంలో లేదు కదండీ" అన్నారు వీర్రాజు గారు చటుక్కున. "పదండి, పదండి. పందెం పందెమే."

పావుగంటలో సెలూను నుంచి బయటికొచ్చారు. హాల్‌టికెట్టు మర్చిపోయిన విద్యార్థిలా ఉన్నారు. పై పెదవి మీద ఎండ తగలని చోటు తెల్లగా ఉంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వుతూ షాపులో ఎవరి కోసమో వెతికారు. నేను వెనక తలుపులోంచి పారిపోయాను, దారిలో వారపత్రికల స్టాండు పడగొట్టి.

సోమవారం సత్తిరాజు గారు నన్ను తిట్టలేదు. "నేనూ చదివానండి. మీరు రాసిందే బాగుంది. కానీ షాపు కదండీ, ఉన్నది ఉన్నట్టు ఉండాలి" అన్నారు. నా పేజీ చింపి తీసేసి, అసలుది రాసి అతికించాను. ఖాళీ బస్టాపు. సమాప్తం. చింపినదాన్ని డైరీలో పెట్టుకున్నాను. బుధవారం నాన్న ఫ్యాను తెచ్చారు. దాన్ని చూస్తేనే సిగ్గేసి, పాత చీరలో చుట్టి అటకెక్కించేశాను. నెలరోజులు ఆ సందులోకి వెళ్లలేదు.

వెళ్లిననాడు సత్తిరాజు గారు కబుర్లలో అన్నారు: "మీసం పోయాక వీర్రాజు గారికి ఏదో అయిందండి. ఆ వారం శుక్రవారం ఆరింటి నుంచి ఎనిమిదింటిదాకా బస్టాండులో నిలబడ్డారు. ఏ బస్సూ ఎక్కలేదు. ఎవరూ దిగలేదు."

"అయ్యో, పాపం" అని నవ్వాను కూడా.

ఏప్రిల్లో ఎండలు ముదిరాక అమ్మ ఫ్యాను దింపించింది. చీర విప్పితే వార్నిషు వాసన. చీటీ ఇంకా మెడకి వేలాడుతోంది. నా అక్షరాలు ఉన్న వైపు చూసి, తిప్పాను. రెండో వైపు పెన్సిలుతో ఇలా ఉంది:

"ఫ్యానుకి ఏమీ లేదు. మీసం మళ్లీ మొలుస్తుంది, మీరు బాధపడకండి. ఆ పేజీ మాత్రం తీసెయ్యకండి. ఒక్క సంగతి అడగాలి: ఆ తర్వాత వాళ్లిద్దరూ కాఫీ తాగారా? శుక్రవారం ఆరింటికి బస్టాండులో ఉంటాను. ఆలస్యమైనా ఫరవాలేదు."

ఆ ఎండలో ఫ్యానెత్తుకునే పరిగెత్తాను. ఎందుకు ఎత్తుకున్నానో ఇప్పటికీ తెలియదు. షాపు యజమాని తలెత్తారు.

"వీర్రాజా? శివరాత్రి వెళ్లగానే భిలాయిలో పని దొరికి వెళ్లిపోయాడమ్మా. ఫ్యాను శబ్దం చేస్తోందా?"

"లేదండి."

"మరి?"

మాధవిని నలభై పుస్తకాలు నిలబెట్టాడని నీలిపిడుగు మీద అంత కోపం తెచ్చుకున్నదాన్ని. అతనికైనా కూలిన వంతెనలు అడ్డమొచ్చాయి. నాకు అడ్డమొచ్చింది ఒక పాత చీర.

కాబట్టి చదివేవారందరి ఎదుటా నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి ముగింపునీ మార్చను. బాగున్న ఫ్యానుని రిపేరుకి ఇవ్వను. రెండో వైపు తిప్పి చూడకుండా ఏ చీటీనీ అటకెక్కించను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, కామాతో సహా.

పాలకొల్లు బస్టాండు మీదుగా సాయంత్రం ఆరింటికి వెళ్లాల్సి వస్తే మాత్రం కాసేపు ఆగుతాను. అది ప్రమాణంలో లేదు. ఎప్పుడైనా, మీసం ఉన్నా లేకపోయినా, ఒక మనిషి బస్సు దిగి "ఆలస్యమైందాండీ?" అని అడిగితే చెప్పాల్సిన జవాబు నా దగ్గర తయారుగా ఉంది. అద్దం ముందు సాధన కూడా చేశాను, గట్టిగా, వినపడేలా.

"లేదండి, ఇప్పుడే వచ్చాను."