కోను వంగిన వైపు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. దెయ్యాలకు నా మీద ఉందేమో ఎప్పుడూ అడగలేదు. భిలాయి పక్కన రిసాలిలో మా క్వార్టర్ల వెనక తుమ్మచెట్టుకి తెల్లచీర వేలాడుతోందని కాలనీ అంతా తలుపులు వేసుకుంటే, వెళ్ళి అది ఎదురింటి ఆంటీ ఆరేసిన దుప్పటి అని తేల్చినవాణ్ణి నేనే. దుప్పటి మడతపెట్టి ఆమెకిచ్చి, టీ తాగి మరీ వచ్చాను. కాబట్టి ఇక్కడ రాసేది చదివి నన్ను ఆ బాపతు మనిషిగా లెక్కేయకండి.

రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు. బస్సుల మీద మధ్యప్రదేశ్ కొట్టేసి ఛత్తీస్‌గఢ్ అని రంగు వేస్తున్నారు. మా నాన్న అప్పారావు ఉక్కు ప్లాంటులో, కొలుములకి వేసే ఇటుకల బట్టీ దగ్గర పని చేసేవాడు. పక్క క్వార్టర్‌లో సన్యాసిరావు మావయ్య, అదే బట్టీలో ఇంకో షిఫ్టు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపు కాబట్టి నాన్నకి బావ, నాకు మావయ్య. భిలాయిలో చుట్టరికం రేషన్ కార్డు లాంటిది, ఊరి పేరు చూసి రాసిచ్చేస్తారు.

ముందు కోను గురించి చెప్పాలి. బట్టీలో వేడి సరిపోయిందో లేదో తెలియడానికి వేలెడంత మట్టి కోనులు లోపల నిలబెడతారు. కావలసిన వేడి రాగానే కోను మెత్తబడి తల వంచుతుంది. గోడకున్న చిన్న కన్నంలోంచి అది చూసి మంట తగ్గిస్తారు. మీటరు అబద్ధం చెప్పొచ్చు గానీ కోను చెప్పదని నాన్న నమ్మకం. దేవుడి గురించి కూడా ఆయన అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

అంతకు మూడేళ్ళ ముందు ఒక ఉదయం నాన్న షిఫ్టు ఎక్కి కన్నంలోంచి చూసేసరికి కోనులన్నీ పడిపోయి ఉన్నాయి. లోపల ఇటుకలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అంతకు ముందు షిఫ్టు మావయ్యది. లాగ్ బుక్కులో మాత్రం ఆయన చేతిరాతతో, 'దిగేటప్పటికి కోనులు నిలబడే ఉన్నాయి' అని ఉంది. దాంతో తప్పు నాన్న మీద పడింది. సస్పెన్షన్, తర్వాత సర్వీసు రికార్డులో ఎర్రసిరా. నాన్న అరవలేదు. ఆ మచ్చ పోయాక గేటు దాటాలన్నది ఆయనకున్న ఒకే కోరిక. రిటైర్మెంటుకి ఇంకో ఏడాది ఉంది. నా కోరిక ఇంకొంచెం విశాలమైనది. మావయ్య కూడా కాస్త కాలాలి.

ఆ వేసవిలో ఆరు కుటుంబాలు కలిసి భూటాన్ బయల్దేరాయి. ఏర్పాట్లన్నీ మావయ్యవే. దుర్గ్‌లో రైలెక్కి హౌరా, అక్కణ్ణుంచి ఉత్తర బెంగాల్, అక్కణ్ణుంచి బస్సు. వెంట రెండు జాడీల ఆవకాయ, ఒక గ్యాస్ స్టవ్, ఇరవై కిలోల బియ్యం. హిమాలయాల్లో బియ్యం దొరకవని మావాళ్ళకు ఎవరు చెప్పారో తెలియదు.

దేశం అందంగానే ఉంది. థింఫూలో ట్రాఫిక్ లైట్లు లేవు, తెల్ల చేతొడుగుల పోలీసు నాట్యం చేస్తున్నట్టు చేతులు తిప్పుతాడు. పునాఖాలో రెండు నదులు కలిసే చోట కోటలాంటి మఠం, ఎర్రబట్టల కుర్ర సన్యాసులు మెట్ల మీద గోళీలు ఆడుతున్నారు. భోజనంలో మిరపకాయలే కూర, జున్నుతో ఉడికించి పెడతారు. కారంలో మనల్ని కొట్టేదెవరని అందరూ ఎగబడ్డారు. మావయ్య భార్య పార్వతత్త రెండో ముద్దకే కళ్ళు తుడుచుకుని, "సీకాకుళం పరువు తియ్యకు పార్వతీ, మింగీ" అని తనకు తనే చెప్పుకుంది. మఠంలో ఇచ్చిన, వెన్న వేసిన ఉప్పు టీ మావయ్య నోట్లో పోసుకుని కిటికీలోంచి ఊసేశాడు.

"ఏటిది? టీయా, పప్పుసారా?" అన్నాడు. మఠం గోడ మీద పడింది. నేనే తుడిచాను.

పారో వెళ్తుంటే ఆయన బస్సు మైకు అందుకున్నాడు. "అందరూ ఇనండి! రేపు బిర్యానీ వండుతున్నాం. మా అప్పారావు బావని మట్టుకు పొయ్యి కాడికి రానీకండి. బిర్యానీ కూడా అతుక్కుపోద్ది!"

బస్సంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ నవ్వు ఆగేలోపే నేను నిర్ణయించుకున్నాను. ఏం చేస్తానో తెలియదు గానీ, చేస్తాను.

మర్నాడు కొండకు అతికించినట్టున్న పెద్ద మఠానికి నడక. సగం దారిలో ఒక బండ చీలికలో వరసగా చిన్న చిన్న మట్టి బొమ్మలు ఉన్నాయి. కింద గుండ్రం, పైన మొన. ప్రపంచంలో ఎవరు చూసినా గోపురాలనుకుంటారు. ఇటుకల బట్టీ వాళ్ళు తప్ప.

"ఓరి నాయనో, ఇవి మన కోనులేరా!" అంటూ మావయ్య ఒకటి తీసి, మొన గీకి, నాలిక్కి కూడా తగిలించి చూశాడు. "మట్టి మంచిదే. ఎంత డిగ్రీకి పడుద్దో?"

గైడు పరుగెత్తుకొచ్చాడు. మెల్లని హిందీలో చెప్పాడు. అందులో చనిపోయిన మనిషి బూడిద కలిపి ఉంటుంది. వాళ్ళ ఇంటివాళ్ళు ప్రార్థన చేసి పెట్టి వెళ్తారు. కదపకూడదు. కదిపితే, కదిపిన చేత్తోనే తిరిగి పెట్టాలి. మావయ్య ముఖం తెల్లబోయింది. పదిసార్లు నాలిక తుడుచుకుని, ఉన్నచోటే పెట్టేసి, లెంపలు వేసుకున్నాడు. ఆ దృశ్యం అందరూ చూశారు.

అందరూ ముందుకెళ్ళాక నేను వెనక్కెళ్ళింది ఎవరూ చూడలేదు. అదే కోను తీశాను. సాయంత్రం హోటల్లో మావయ్య సంచిలో, ఉతకాల్సిన బట్టల కింద పెట్టాను. భయపడాలి, అంతే. రెండ్రోజులు నిద్ర పట్టకపోతే చాలు. ఆ రాత్రి నాకు మాత్రం మంచి నిద్ర పట్టింది.

భిలాయి తిరిగొచ్చాక సంచి విప్పింది పార్వతత్త. మావయ్యే కొనుక్కొచ్చాడనుకుని, దాన్ని షోకేసులో పింగాణీ బాతు పక్కన పెట్టింది. షోకేసు ఆనుకున్నది మా రెండిళ్ళ గోడకే. అవతల మా నాన్న కుర్చీ. మావయ్య డ్యూటీ నుంచి వచ్చి దాన్ని చూసి, చెప్పులు కూడా విప్పకుండా నిలబడిపోయాడట. తను తిరిగి పెట్టడం అందరూ చూశారు. మరి ఇదెలా వచ్చింది? పారేయడానికి ధైర్యం లేదు, ముట్టుకోవడానికీ లేదు. ఇంతవరకూ అంతా నా పనే. నాకు చాలా సరదాగా ఉంది.

పది రోజులకి కోను వంగడం మొదలైంది.

నేను నమ్మలేదు. మే నెల భిలాయిలో మనుషులే వంగిపోతారు, మట్టికేం అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. ఎండకి మట్టి పగులుతుంది గానీ వంగదు, వంగాలంటే బట్టీ వేడి కావాలి అన్నాడు. ఆయనే అదే కొలతలో మామూలు మట్టితో ఇంకోటి చేసి, ఎండబెట్టి, దాని పక్కన పెట్టాడు. అది నిటారుగా ఉంది. నేను షోకేసు కాగితం మీద పెన్సిల్ గీత గీసి రోజూ స్కేలుతో కొలిచాను. రోజుకో నూలు వాసి, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. వంగుతున్నది గోడ వైపు. అంటే నాన్న కుర్చీ వైపు.

చివరికి మావయ్య ధైర్యం చేసి, తువ్వాలుతో పట్టుకుని, దాని అడుగు అంచున మేకుతో గాటు పెట్టి, మొన కిటికీ వైపుకి వచ్చేలా తిప్పాడు. మర్నాడు పొద్దున్న నేను చూసేసరికి గాటు తిప్పినచోటే ఉంది, అడుగు కదల్లేదు. మొన మాత్రం మళ్ళీ గోడ వైపే ఉంది. పింగాణీ బాతు కూడా అటే చూస్తోందని నేను జోకేశాను. ఎవరూ నవ్వలేదు. నాక్కూడా అంత నవ్వు రాలేదు.

మావయ్య తిండి మానేశాడు. పార్వతత్త గోడకి ఇవతలికి వచ్చి అమ్మ దగ్గర ఏడ్చింది. "వదినా, ఈ మనిషి మజ్జిగ కూడా తాగట్లేదు. అడిగితే 'అది పడకముందే సెప్పాల' అంటాడు. ఏటి సెప్పాలో సెప్పడు!"

నిజం చెప్పనా? నాకు జాలి వేయలేదు. ఇంకొంచెం వంగనీ అనుకున్నాను.

ఒక ఆదివారం ఉదయం ఉప్మా తింటుంటే మావయ్య స్టీలు పళ్ళెంలో కోను పెట్టుకుని వచ్చాడు. మొన పళ్ళేనికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. నాన్న ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"బావా, ఆ దినం నాను సూసేసరికే కోనులు పడిపోనాయి. టీకెళ్ళి మాటల్లో పడిపోనాను. ఎనక్కొచ్చి సూస్తే పడున్నాయి. భయమేసి నిలబడున్నాయని రాసేసినాను."

"తెలుసు బావా," అన్నాడు నాన్న.

"తెలిస్తే మూడేళ్ళు ఊరుకున్నావేటి?"

"నేను చెబితే ఎవలు నమ్మినారు? నువ్వు చెప్పాల."

మావయ్య మర్నాడే ఆ మాట కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చాడు. ఎంక్వైరీ జరిగింది. నాన్న రికార్డులో ఎర్రసిరా కొట్టేశారు. మావయ్యని సస్పెండ్ చేశారు. మరుసటి ఏడు మావయ్య రిటైర్ అయిన రోజు దండ లేదు, మైకు లేదు, జీపులో ఇంటికి దింపడం లేదు. సైకిలు తోసుకుంటూ ఒక్కడే వచ్చాడు. నేను గుమ్మంలో నిలబడి చివరిదాకా చూశాను. ఆరోజు అమ్మ పులిహోర చేసింది. రెండు పళ్ళేలు తిన్నాను. తర్వాత వాళ్ళు ఊరెళ్ళిపోయారు.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. న్యాయం జరిగింది, ఉప్మా చల్లారింది, అంతే.

కానీ ఆ ఆదివారం మావయ్య పళ్ళెం మా ఇంట్లోనే వదిలేశాడు. ఆ మర్నాటి పొద్దున్నకి కోను నిటారుగా నిలబడి ఉంది. నలభై ఏళ్ళ సర్వీసులో వంగిన కోను లేవడం చూడలేదని నాన్న అన్నాడు. మొన కళ్ళకద్దుకుని, తను చేసిన రెండోదాన్నీ తెచ్చుకుని, టీవీ మీద పక్కపక్కన పెట్టాడు. సంవత్సరం పాటు అది కదల్లేదు. మావయ్య వాళ్ళు క్వార్టర్ ఖాళీ చేసి వెళ్ళిన వారానికి మళ్ళీ వంగడం మొదలైంది.

ఈసారి నా టేబుల్ వైపు. టేబుల్ వరండాలోకి మార్చాను. మొన వరండా వైపు తిరిగింది. పక్కనున్న మరోదా కాలనీలో స్నేహితుడి ఇంట్లో నాలుగు రోజులున్నాను. తిరిగొచ్చేసరికి అది మరోదా వైపు ఉంది.

కారణం మట్టిలో తడి అనుకుందామంటే, నాన్న చేసిన రెండోది పక్కనే నిక్షేపంగా ఉంది. నేలవాలు అనుకుందామంటే గోళీ పెట్టి చూశాను, దొర్లలేదు. మిగిలిన కారణం ఒకటే. దాన్ని నేను ఒప్పుకోను, కాదనడానికి ఆధారమూ దొరకడం లేదు. ఎవరో ఇంటివాళ్ళు ప్రార్థన చేసి పెట్టుకున్న మనిషిని నా పగకి పనిముట్టుగా వాడుకున్నాను. అది తనంతట తనే వెంటబడి వచ్చిందని మావయ్య ఇప్పటికీ నమ్ముతున్నాడు. అన్నం తినేముందు ఆ పోయిన మనిషికని కొంచెం తీసి పక్కన పెడతాడట.

నిన్న ఆయనకి ఉత్తరం రాసి పోస్టు చేశాను. 'మావయ్యా, నీ సంచిలో పెట్టింది నేనే.' ఒక్క జోకు కూడా లేని ఉత్తరం నా జీవితంలో అదే మొదటిది. నాన్నకి ఇవాళ పొద్దున్నే చెప్పాను. ఆయన మంచినీళ్ళు తాగి లోపలికెళ్ళిపోయాడు. అరిచినా బాగుండేది.

ఇప్పుడు మీకూ చెప్పాను. మధ్యాహ్నం కొలిస్తే మొన రెండు నూళ్ళు లేచింది. పూర్తిగా మాత్రం లేవలేదు. కదిపిన చేత్తోనే తిరిగి పెట్టాలని గైడు అన్నాడు కదా. దుర్గ్‌లో హౌరా బండి ఎన్నింటికో కనుక్కున్నాను. బియ్యం మాత్రం తీసుకెళ్ళను.