ఎర్రది, నల్లది కలిసి పడితే

మార్కాపురంలో క్యారమ్స్ బల్ల దగ్గర తగువు వస్తే ముస్తాక్ అహ్మద్ మాటే చివరి మాట. పలకలకు చెక్క చట్రాలు బిగించడం ఆయన పని. పలకల గిరాకీ తగ్గాక అదే చేత్తో క్యారమ్స్ బల్లలు బాగుచేయడం మొదలుపెట్టాడు. ఏటా వేసవిలో దుకాణం వెనక వసారాలో పోటీలు పెట్టి, తానే అంపైరుగా కూర్చుంటాడు. నియమాలన్నీ నోటికి వచ్చు. ఆట నేర్పిన ఉస్తాదు చెప్పాడు. ఉస్తాదుకు ఎవరు చెప్పారో ఆయన ఎన్నడూ అడగలేదు.

ఈ ఏడు చూపు బాగా మందగించింది. కూతురు షిఫా గిద్దలూరులో లెక్చరరు. తాను చదువుకునే ఈ-రీడర్‌లో క్యారమ్స్ నియమాల పుస్తకం ఎక్కించి, అక్షరాలు పెద్దవి చేసి తండ్రి చేతికిచ్చింది. ఆయన దాని అంచు మీద బొటనవేలు రాసి, చట్రం బాగా బిగించినారన్నాడు. అక్షరాలు ఎంత పెద్దవంటే తెరకు నాలుగైదు మాటలే పట్టేవి. పేజీ తిప్పినప్పుడల్లా తెర ఒక్క క్షణం నల్లబడి, తర్వాత కొత్త మాటలు తేలేవి. పుస్తకమంతా చదవాలని ఆయనకు అనిపించలేదు. తెలిసిందే కదా.

ఫైనల్ రోజు పొద్దున దాన్ని బల్ల పక్కన స్టూలు మీద పెట్టుకున్నాడు. భాయ్ మళ్లీ ఒకటో తరగతిలో చేరినాడు, పలక తెచ్చుకున్నాడని ఎవరో అన్నారు. అందరితో పాటు ఆయనా నవ్వాడు.

పాయింట్లు వేసేది ఏలీయా. దొనకొండ మనిషి. ఏటా పోటీల రోజుల్లో రైల్లో వచ్చి, రాతిపలక మీద సుద్దతో అంకెలు వేసి, సాయంత్రం రైలుకు వెళ్లిపోతాడు. ఒకప్పుడు ఆయన చెయ్యి పెడితే బల్ల ఖాళీ అయ్యేది. తొంభై నాలుగులో ఇదే వసారాలో ఫైనల్ ఓడిపోయాడు. అప్పటి నుంచి స్ట్రైకర్ ముట్టలేదు.

ఆట చివరికొచ్చింది. పామూరు నుంచి వచ్చిన వినయ్ కుమార్ కొట్టిన ఒక్క దెబ్బకు అతని నల్ల కాయిన్, దాని వెనకే ఎర్రది ఒకే గుంటలో పడ్డాయి. ముస్తాక్ చెయ్యెత్తాడు. రెండూ కలిసి పడితే ఎర్రది మళ్లీ నడుమకు, వంతు అవతలివాడికి. వినయ్ ఒప్పుకోలేదు. ఎర్రది వేసినవాడు దానికి తోడుగా తన కాయిన్ ఇంకొకటి వెయ్యాలి, ఆ తోడు దాంతోనే పడింది కదా అన్నాడు.

"యాడ రాసుందిరా?" అన్నాడు ముస్తాక్.

"నీ పక్కనే పెట్టుకుంటివి గదా భాయ్. చూడు."

వసారా అంతా నవ్వింది. ముస్తాక్ తాపీగా ఈ-రీడర్ అందుకుని ఆ నియమం వెతికాడు. ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్క మాటే కూడబలుక్కున్నాడు. ఎర్రది, ఆటగాడి సొంత కాయిన్. తిప్పాడు. తెర నల్లబడింది. ఒకే దెబ్బకు పడినట్లయితే. తిప్పాడు. తెర నల్లబడింది. ఎర్రదానికి తోడు దొరికినట్టే.

వెనక్కి తిప్పి మళ్లీ చదివాడు. మూడు తెరల్లోనూ అవే మాటలున్నాయి.

తెర ఆయన వైపే ఉంది. ఛార్జింగ్ అయిపోయిందంటే అక్కడితో అయిపోయేది. తలెత్తి చూశాడు. ఏలీయా చేతిలో సుద్ద గాల్లో ఆగి ఉంది.

తొంభై నాలుగులో ఏలీయా దెబ్బకు ఇట్లాగే రెండూ కలిసి పడ్డాయి. ముస్తాకే తన చేత్తో ఎర్రదాన్ని తీసి నడుమ పెట్టాడు. కాదని ఏలీయా ఎంత చెప్పినా వినకుండా, యాడ రాసుందిరా అని అడిగాడు. ఊళ్లో ఎవరి దగ్గరా పుస్తకం లేదు. అవతల కూర్చున్న మురళీకృష్ణ ఆట ముగించి, రాష్ట్రం పోటీలకు పోయి, ఆ సర్టిఫికెట్టుతో ఉద్యోగంలో చేరాడు. ఏలీయా పలకలు కోసే మిషన్ దగ్గర చేరాడు. మూడేళ్లకు కుడిచేతి చూపుడువేలు సగానికి పోయింది.

"ఎర్రది వినయ్‌ది" అన్నాడు ముస్తాక్. "నేను చెప్పింది తప్పు."

నవ్వడానికి నోరు తెరిచినవాళ్లు కూడా నవ్వలేదు. ఏలీయా పలక మీద అంకె వేశాడు.

పొద్దు వాలేసరికి అందరూ వెళ్లిపోయారు. ఏలీయా కాయిన్లు ఏరి డబ్బాలో వేస్తున్నాడు. ముస్తాక్ కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

"తొంభై నాలుగులో ఎర్రది నీదే" అన్నాడు.

"ఆ పొద్దే చెప్పినా గదా భాయ్. యాడ రాసుందంటివి. అదొక్కటే నాకు తెలీకపాయె."

"మరి ఏటా ఎందుకొస్తివి?"

"ఇంగో బల్ల యాడుంది నాకు."

ఆ ముక్క ఏదో తెలుగులో చెప్పమన్నాడు ఏలీయా. ముస్తాక్ మూడు తెరలూ తిప్పి చెప్పాడు. ఏలీయా తలూపుతూ విన్నాడు. తర్వాత డబ్బాలోంచి రెండు కాయిన్లు తీశాడు. ఆ రోజు బల్ల మీద మిగిలిన తన నల్లది ఒక గుంటకు జానెడు దూరంలో పెట్టాడు. మురళీకృష్ణ తెల్లది ఇంకో గుంట వాకిట్లో పెట్టాడు. ఆలోచించలేదు, సరిచేసుకోలేదు.

"ఎర్రది నాదైతే వంతు కూడా నాదే గదా" అన్నాడు.

ముస్తాక్ కుర్చీ జరుపుకుని అంపైరు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు. "వంతు నీదే" అన్నాడు.

ఏలీయా సగం వేలు లోపలికి ముడిచి, నడిమివేలితో స్ట్రైకర్ కొట్టాడు. సూటి దెబ్బ. ఒకప్పుడైతే మాట్లాడుతూ మాట్లాడుతూ వేసేవాడు. నల్లది గుంట అంచుకు తగిలి పక్కకు జారి ఆగింది.

"ఇప్పుడు ఓడినా నేను" అన్నాడు ఏలీయా.

తడిగుడ్డతో పలక తుడిచి గోడకు ఆనించి, రైలుకు టైమయిందని వెళ్లిపోయాడు.

ముస్తాక్ బల్ల ముందే కూర్చున్నాడు. తెల్లది గుంట వాకిట్లో ఉంది. గోరుతో తోస్తే పడిపోతుంది. దాన్ని తోయడానికి ఆయనకు చెయ్యి రాలేదు.