మిర్చి కొట్టు ముందు ఆగిన బండి

మా ఊళ్ళో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుని నవ్వుతారు. ఎద్దులకు నాడాలు కొట్టే సాయిబు కామందుగారి బండి దొంగిలించి, అందులోనే నిద్రపోయి, నేరుగా కామందుగారి ముందుకే వచ్చి దొరికిపోయిన కథ. మొన్న ఇంటికొచ్చిన చుట్టాల ముందు మా అన్న కొడుకు అదే చెప్పాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాను. ఆ కథలో ఒక మనిషి తక్కువ. బండిలో మేమిద్దరం ఉన్నాం.

యాభైల చివర సంగతి. నేను ఇంటర్మీడియట్ తప్పి, నల్లపాడు అవతల మా ఊళ్ళో డిటెక్టివ్ నవలలు చదువుకుంటూ కూర్చున్న రోజులు. నన్ను చూసుకోవడానికి వచ్చిన పిల్ల తండ్రి దారిలో కామందుగారిని అడిగాడట, కుర్రాడు ఎలాంటివాడని. "వాడా? మిరపచేలో కాపలా పెడితే పిట్టలు వచ్చి వాడి భుజం మీదే వాలతాయి" అన్నాడట ఆయన. ఆ సంబంధం మా గడప దాకా రాలేదు. నా పగ అంతే.

సాయిబు సంగతి వేరు. అతను నాడాలు కొట్టిన మర్నాడే కామందుగారి బండి జతలో ఎలపటెద్దు కుంటింది. మేకు లోపలికి దిగగొట్టాడని నలుగురిలో చెంప పగలగొట్టి, వీడి చేత ఎవరూ నాడాలు కొట్టించొద్దని ఆయన చెప్పేశాడు. ఆయన మాట కాదని ఎద్దును తోలుకొచ్చేవాడు ఊళ్ళో లేడు. సాయిబుకు నలుగురు పిల్లలు. సంచిలో సుత్తీ, పట్టకారూ తుప్పు పడుతున్నాయి.

"నా మేకు తప్పు లేదు అబ్బాయిగారూ. ఒక్కసారి ఆ కాలు చూడనిస్తే చాలు. చూడనివ్వడంలా" అనేవాడు కనపడ్డ వాళ్ళందరితో. గట్టి గొంతు. గుసగుసగా మాట్లాడినా వీధి చివరికి వినపడేది. అలాంటివాణ్ణి దొంగతనానికి తోడు పిలిచింది నేను.

ఉపాయం కూడా నాదే. కామందుగారు సరుకు బేరానికి బస్సులో గుంటూరు వెళ్ళిన రోజు, మధ్యాహ్నం పాలేరు తిని పడుకున్నాక, ఎడ్లను బండికి కట్టుకుని పోవాలి. నల్లపాడుకు ముందే పక్క దారి పట్టి సాయిబు అత్తగారి ఊళ్ళో రెండు రోజులు దాచాలి. ఆయన ఊరంతా వెతుక్కుని పరువు పోగొట్టుకోవాలి.

"దాచడం ఎందుకండీ?" అన్నాడు సాయిబు.

"పగ."

"నాకు కాలు చూస్తే చాలు."

"చూద్దువుగాని. దారిలో."

దానికే ఒప్పుకున్నాడు.

ఆ రోజు ఎవరూ గుర్తుపట్టకూడదని నేను కంబళి కప్పుకొచ్చాను. సాయిబు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఈ ఎండలో కంబళేంటి? దారిన పోయే ప్రతివాడూ ఆగి జ్వరమా అని అడుగుతాడు."

"నవలల్లో ఇలాగే ఉంటుంది."

"ఆ రాసినాయన మన ఊరు వచ్చుండడు."

నిజంగానే ఊరి పొలిమేరలో ఎవరో పొరుగూరి ముసలమ్మ బండి ఆపి, మిరియాల కషాయం తాగమని నాకు చెప్పి వెళ్ళింది. కంబళి తీసి గోతాల కింద పెట్టాను.

ఊరు దాటి వేపచెట్టు నీడ కనపడగానే సాయిబు బండి ఆపేశాడు. వద్దన్నా వినలేదు. ఎద్దును విప్పి, తాడేసి పడుకోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. దొంగిలించిన ఎద్దుకు నడిరోడ్డు మీద వైద్యం. నేను దారికి అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి అతను కేకేశాడు.

"ఇదిగో! తుమ్మముల్లు! గిట్టల సందులో విరిగింది. నా మేకు ఎక్కడుంది, ఇదెక్కడుంది, చూడండి!"

చీము పిండి, వేపాకు నలిపి పెట్టాడు. ముల్లు నా చేతిలో పెట్టాడు.

"మీ దగ్గర ఉంచండి. నా జేబు చిరిగింది. ఆయనకు ఇది చూపించి, కాలు చూపిస్తే అయిపోతుంది. ఇంక దాచడమెందుకు, వెనక్కి పోదాం."

కాసేపు ముందుకు పోదామని నేనే పట్టుబట్టాను. చొక్కా జేబులో ముల్లు వేసుకున్నాను. అతని భార్య కట్టిచ్చిన జొన్నరొట్టెలు బండిలోనే తిన్నాం. ఆ తరువాత మా ప్రాంతంలో బండెక్కిన ప్రతివాడూ చేసే పనే మేమూ చేశాం. పగ్గాలు వదిలి పడుకున్నాం. సాయిబు మొహాన తువ్వాలు కప్పుకున్నాడు. ఎడ్లు దారి చూసుకుంటాయి గదా అనుకున్నాం. చూసుకున్నాయి. సీజనంతా అవి నడిచే దారి ఒక్కటే.

తుమ్ములతో మెలకువ వచ్చింది. గాలి నిండా మిరపకోరు. బండి ఆగి ఉంది. గోతాల మీద ఎవరిదో చెయ్యి తడుముతోంది.

"సరుకేదయ్యా? గోతాలు ఖాళీగా ఉన్నాయే!" అంటున్నాడు హమాలీ.

కళ్ళు తెరిస్తే గుంటూరు. కామందుగారు సరుకు వేసే కమీషన్ కొట్టు. లోపల బల్ల మీద కామందుగారు సోడా తాగుతున్నాడు. నేను బండి వెనక నుంచి జారి, హమాలీల మధ్యకు నడిచాను. సాయిబును లేపలేదు. తువ్వాలు కింద గురక పెడుతున్నాడు.

హమాలీ అతని కాలు పట్టుకుని, "సరుకు దొరికింది! తడి సరుకు, బరువెక్కువ!" అని అరిచాడు. కొట్టంతా నవ్వింది. కామందుగారు బయటికొచ్చి చెప్పు తీశాడు.

"ఎద్దు కాలు చూడండి బాబూ. ముల్లు తీశా. కుంటడంలా, నడిపించి చూడండి" అన్నాడు సాయిబు దెబ్బలకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఏదిరా ముల్లు? చూపించు!"

సాయిబు చుట్టూ చూశాడు. నన్ను చూశాడు. అప్పుడే కామందుగారికీ కనపడ్డాను.

"ఏరా అబ్బాయ్, నువ్వెప్పుడొచ్చావు?"

"బస్సులో" అన్నాను.

చెయ్యి జేబు మీదే ఉంది. ముల్లు బట్టలోంచి గుచ్చుకుంటోంది. సాయిబు అడుగుతాడని ఎదురుచూశాను. అతను ఒకసారి నా చేతి వంక చూసి, తల తిప్పుకున్నాడు.

"ఎక్కడో పడిపోయినట్టుంది బాబూ" అన్నాడు.

ఆ గొంతు అంత చిన్నగా రావడం అంతకుముందు వినలేదు.

"ముల్లు పోయిందట! ఎడ్లు మాత్రం భద్రంగా వచ్చాయి!" అన్నారెవరో. మళ్ళీ నవ్వారు.

నేను బస్సులోనే ఇంటికొచ్చాను. బాధ కలిగిందని రాస్తే అబద్ధం. ఏమీ కలగలేదు. ఆకలిగా కూడా లేదు. అమ్మ అన్నం పెడితే తిన్నాను.

ఎద్దు ఆ తరువాత కుంటలేదు. కొత్తగా నాడాలు కొట్టినవాడి చెయ్యి మంచిదన్నారు. సాయిబు కుటుంబం దాచేపల్లి వైపు రాళ్ళ పనికి పోయింది. వాళ్ళ సామాను బండి మా ఇంటి ముందు నుంచే వెళ్ళింది. పిల్లలు వెనక కూర్చున్నారు. సుత్తి సంచి కనపడలేదు. నేను అరుగు మీదే పుస్తకం పట్టుకుని ఉన్నాను. అతను పిలవలేదు, నేను లేవలేదు.

ముల్లును ఆ రోజే కొట్టు ముందు మిరపతొడిమల చెత్తలో పడేశాను. సాయిబును పక్కకు లాక్కెళ్ళగానే. చూపించడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. చుట్టాలు వెళ్ళాక ఇదంతా చెబితే మా అన్న కొడుకు నమ్మలేదు. "నువ్వు బస్సులో వెళ్ళావు గదా బాబాయ్, అందరూ అదే చెప్తారు" అన్నాడు.

మేకు సరిగ్గానే దిగింది. అతని చెయ్యి తప్పు లేదు.